ప్రాంతీయ ఐపీఎం (సమగ్ర సస్యరక్షణ) గ్రాంట్ల ప్రోగ్రాం నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా యూనివర్సిటీల్లో ఎంటమాలజీ, ప్లాంట్ పాథాలజీ, అగ్రానమీ విభాగాల్లో పనిచేస్తున్న తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. మొదట్లో గ్రాంట్లకు అప్లై చేస్తారు. కొన్నేళ్లకు రివ్యూ ప్యానెళ్లలో కూర్చుంటారు. ఒక దశలో ప్రోగ్రాం నడిపే బాధ్యతే నెత్తిన పడుతుంది. ఆ మూడు దశల్లోనూ వచ్చే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి, కానీ ఎక్కువగా మూడో దశలో ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. గడువులు, పరిమితులు ఏటా మారుతుంటాయి. ఇక్కడ చదివింది ఆ ఏడాది ప్రకటనతో సరిచూసుకోండి.

ఇంతకీ ఏ ప్రోగ్రాం గురించి మాట్లాడుతున్నాం?

అమెరికా వ్యవసాయ శాఖ, అంటే యూఎస్‌డీఏ, 2000లో నాలుగు ప్రాంతీయ ఐపీఎం సెంటర్లు పెట్టింది. నార్త్‌ఈస్టర్న్, నార్త్ సెంట్రల్, సదరన్, వెస్టర్న్. యాభై రాష్ట్రాలూ ఈ నాలుగింటి కిందికి వస్తాయి: ఈశాన్యంలో 12, నార్త్ సెంట్రల్‌లో 12, దక్షిణంలో 13, పశ్చిమంలో 13. ప్యూర్టోరికో లాంటివి దక్షిణంతో, గువాం లాంటి పసిఫిక్ దీవులు పశ్చిమంతో ఉంటాయి. సెంటర్లు యూనివర్సిటీల్లోనే ఉంటాయి. సదరన్ సెంటర్ నార్త్ కరోలినా స్టేట్‌లో, నార్త్‌ఈస్టర్న్ సెంటర్ కార్నెల్‌లో.

డబ్బు వచ్చేది యూఎస్‌డీఏలో పరిశోధనకు గ్రాంట్లిచ్చే సంస్థ నిఫా నుంచి. 2014 నుంచి ఇదంతా క్రాప్ ప్రొటెక్షన్ అండ్ పెస్ట్ మేనేజ్‌మెంట్ అనే ఒకే గొడుగు కిందికి వచ్చింది. అందులో మూడు పాయలు. ఒకటి అప్లైడ్ పరిశోధనకు, రెండోది ఎక్స్‌టెన్షన్‌కు (పరిశోధనను రైతు దగ్గరికి చేర్చే విస్తరణ పనికి), మూడోది ప్రాంతీయ సమన్వయానికి. ఈ మూడో పాయలో వచ్చిన డబ్బులోంచి సెంటర్లు కొంత భాగాన్ని తమ ప్రాంతంలో పోటీ పెట్టి చిన్న గ్రాంట్లుగా ఇస్తాయి. ఈ పేజీలో ‘ప్రోగ్రాం’ అన్నప్పుడల్లా ఈ చిన్న గ్రాంట్ల పోటీనే అనుకోండి.

ఐపీఎం అంటే మందు కొట్టకపోవడమేనా?

కాదు. సమగ్ర సస్యరక్షణలో మందు కూడా ఒక పనిముట్టే. పొలంలో పురుగు ఎంతుందో చూడటం, అది ఆర్థిక నష్ట పరిమితి (మందు ఖర్చు కంటే పంట నష్టం ఎక్కువయ్యే స్థాయి) దాటిందా లేదా అని తేల్చుకోవడం, మిత్రపురుగులను బతకనివ్వడం, అప్పటికీ తప్పకపోతే మందు. ఈ పరిమితి అనే ఆలోచనను 1959లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు నలుగురు ఆల్ఫాల్ఫా పశుగ్రాసం మీద పేనుబంక అనుభవంతో స్పష్టంగా రాసి పెట్టారు. గ్రాంటు దరఖాస్తుల్లో మాత్రం రెండు రకాల వక్రీకరణ కనిపిస్తుంది. కొత్త మందు ట్రయల్ పెట్టి దానికి ఐపీఎం అని పేరు తగిలించడం ఒకటి. ‘మందుల్లేని సేద్యం’ అని రాసి, పురుగు పెరిగితే రైతు ఏం చేయాలో చెప్పకపోవడం రెండోది. రెండింటినీ ప్యానెల్ గుర్తుపట్టేలా మీ ప్రకటనలోనే ఐపీఎం అంటే మీరు ఏమనుకుంటున్నారో నాలుగు వాక్యాల్లో రాసేయండి.

డబ్బంతా వాషింగ్టన్ నుంచే ఇవ్వొచ్చుగా? మధ్యలో ప్రాంతాలెందుకు?

పురుగుకు రాష్ట్ర సరిహద్దు తెలియదు, అది అందరూ చెప్పే మాటే. అసలు విషయం ఇంకొకటుంది. ఒక్కో రాష్ట్రంలో ఒక పంటకు, ఒక తెగులుకు పనిచేసే ఎక్స్‌టెన్షన్ నిపుణుడు ఒకడే ఉంటాడు. కొన్నిచోట్ల ఆ ఒక్కడూ ఉండడు. వెర్మాంట్‌లో ఆపిల్ పండించే రైతుకు పెన్సిల్వేనియాలో ఉన్న నిపుణుడి అవసరం ఉంటుంది. ఆ ఇద్దరినీ కలిపే పని రాష్ట్రం చేయదు, ఎందుకంటే దాని బడ్జెట్ దాని రైతులకే. దేశ స్థాయి ప్రోగ్రాంకు అంత చిన్న పని కనపడదు.

సోయా తుప్పు తెగులు దీనికి మంచి ఉదాహరణ. అమెరికాలో అది 2004 నవంబర్‌లో లూసియానాలో మొదటిసారి కనిపించింది. దక్షిణాన చలికాలం గడిపి, గాలితో ఉత్తరానికి ఎగబాకే తెగులు అది. 2005 సీజన్‌కల్లా రాష్ట్రాలన్నీ కలిసి నిఘా మళ్లు వేసి, తెగులు ఎక్కడిదాకా వచ్చిందో అందరికీ కనపడేలా పెట్టాయి. తమ దగ్గరికి ఇంకా రాలేదని తెలిసిన రైతు ముందుజాగ్రత్త మందు మానుకున్నాడు. ఆ ఒక్క సీజన్‌లో ఆ సమాచారం విలువ 1.1 కోట్ల నుంచి 29.9 కోట్ల డాలర్ల మధ్య ఉంటుందని యూఎస్‌డీఏ ఆర్థికవేత్తలు అంచనా కట్టారు. రెండు అంకెల మధ్య అంత దూరం ఉండటం చూసి నవ్వొస్తుంది గానీ, కొట్టకుండా మిగిలిన మందుకు విలువ కట్టడం ఎంత కష్టమో కూడా అదే చెబుతుంది.

గ్రాంట్లు చాలా చిన్నవి కదా, వాటితో ఏం జరుగుతుంది?

మామూలుగా ఇవి కొన్ని వేల డాలర్ల నుంచి కొన్ని పదుల వేల డాలర్ల దాకా ఉంటాయి. ఒక పీహెచ్‌డీ విద్యార్థిని నాలుగేళ్లు పోషించడానికి సరిపోవు. కాబట్టి అలాంటి పనికి వీటిని వాడకూడదు. వీటి బలం వర్కింగ్ గ్రూపుల్లో ఉంది: ఒకే సమస్య మీద విడివిడిగా తల పట్టుకుంటున్న శాస్త్రవేత్తలు, రైతులు, పంట సలహాదారులను ఒక గదిలో కూర్చోబెట్టడం.

బ్రౌన్ మార్మొరేటెడ్ స్టింక్ బగ్ కథ తెలిసిందే అయినా ఇక్కడ చెప్పుకోవాలి. ఆసియా నుంచి వచ్చిన ఈ కంపు నల్లి 1990ల్లో పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్ దగ్గర దిగింది. చాలా ఏళ్లు చలికాలంలో ఇళ్లలో దూరే చిరాకు పురుగుగానే ఉండిపోయింది. 2010లో మిడ్ అట్లాంటిక్ రాష్ట్రాల ఆపిల్ తోటల మీద పడి, 3.7 కోట్ల డాలర్ల నష్టం చేసింది. అదే ఏడాది నార్త్‌ఈస్టర్న్ సెంటర్ ఇచ్చిన చిన్న మొత్తంతో ఒక వర్కింగ్ గ్రూపు ఏర్పడింది. ఏం తెలుసు, ఏం తెలియదు, ముందు ఏది తేల్చాలి అని జాబితా రాసుకున్నారు. 2011లో యూఎస్‌డీఏ శాస్త్రవేత్త ట్రేసీ లెస్కీ నాయకత్వంలో చాలా సంస్థలు కలిసి స్పెషాల్టీ క్రాప్ (పండ్లు, కూరగాయల లాంటి పంటల) ప్రోగ్రాం నుంచి సుమారు 57 లక్షల డాలర్ల గ్రాంటు తెచ్చుకున్నాయి. అంత తొందరగా అంత పెద్ద జట్టు కుదరడానికి కారణం, వాళ్లు అప్పటికే కూర్చుని మాట్లాడుకుని ఉండటం. తర్వాత ఎర బుట్టలతో పురుగును లెక్కపెట్టి మందు నిర్ణయించడం, తోట మొత్తం కాకుండా అంచులకే కొట్టడం లాంటి పద్ధతులు వచ్చాయి. దీని గుడ్లను తినే సమురాయ్ కందిరీగ 2014లో మేరీల్యాండ్‌లో దానంతటదే వచ్చి చేరినట్టు తెలిసింది. గ్రాంటు వల్ల రాని మంచి కూడా ఉంటుంది మరి.

మీ బడ్జెట్‌లో వర్కింగ్ గ్రూపులకు వేరుగా వాటా పెట్టండి. పరిశోధన ప్రతిపాదనలతో కలిపి పోటీకి పెడితే ప్రతిసారీ అవే ఓడిపోతాయి. ‘మీటింగులు పెట్టుకుంటాం’ అనే ప్రతిపాదన, రెప్లికేషన్లతో సహా రాసిన ట్రయల్ ముందు వెలవెలబోతుంది.

ఏ సమస్యకు ముందు డబ్బివ్వాలో ఎవరు తేలుస్తారు?

ఈ పేజీలో ఒక్క ప్రశ్నే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. ప్రోగ్రాం మంచిదా చెడ్డదా అనేది ఇక్కడే చాలావరకు నిర్ణయమైపోతుంది. రివ్యూ ఎంత నిక్కచ్చిగా చేసినా, తప్పు ప్రశ్నకు వచ్చిన గొప్ప దరఖాస్తును అది మార్చలేదు.

1998 నాటి వ్యవసాయ పరిశోధన చట్టం, వాడుకదారుల మాట విని ప్రాధాన్యాలు పెట్టాలని చెప్పింది. సర్వే లింకు పంపి చేతులు దులుపుకుంటే చట్టానికి సరిపోతుందేమో, ప్రోగ్రాంకు సరిపోదు. ఆ లింకు నింపేది ఎక్కువగా మీ ఆర్‌ఎఫ్‌ఏ (దరఖాస్తులు కోరే ప్రకటన) కోసం ఎదురుచూస్తున్న శాస్త్రవేత్తలే. ‘మీ ప్రాంతంలో అతి ముఖ్యమైన సమస్య ఏది?’ అంటే వాళ్ల ల్యాబ్‌లో ఉన్న పురుగు పేరే రాస్తారు. తప్పు పట్టలేం.

దీనికంటే మంచి దారి పెస్ట్ మేనేజ్‌మెంట్ స్ట్రాటజిక్ ప్లాన్ అనే పత్రం. 1996లో ఫుడ్ క్వాలిటీ ప్రొటెక్షన్ చట్టం వచ్చాక పాత పురుగుమందులన్నిటినీ పర్యావరణ సంస్థ ఈపీఏ మళ్లీ పరీక్షించాల్సి వచ్చింది. ఏ పంటలో ఏ మందు పోతే రైతు ఎక్కడ ఇరుక్కుంటాడో తెలియాల్సిన అవసరం అప్పుడు పుట్టింది. ఈ పత్రం కోసం ఒక పంట రైతులు, సలహాదారులు, ఎక్స్‌టెన్షన్ వాళ్లు కలిసి కూర్చుంటారు. నాటడానికి ముందు నుంచి కోత తర్వాత దాకా దశలవారీగా వెళ్తూ, ఒక్కో దశలో ఏ పురుగు, ఏ తెగులు, ఏ కలుపు, ఇప్పుడేం చేస్తున్నారు, ఏది పనిచేయడం లేదు అని రాస్తారు. చివర్లో మూడు జాబితాలు తేలతాయి: పరిశోధన అవసరాలు, నియంత్రణ పరమైన అవసరాలు, శిక్షణ అవసరాలు. మీ ఆర్‌ఎఫ్‌ఏకు ముడిసరుకు ఇదే.

ఇలాంటి వర్క్‌షాప్ నడిపేటప్పుడు రైతులను ముందు మాట్లాడనివ్వండి. ప్రొఫెసర్ మొదలుపెడితే రైతు తల ఊపుతాడు, అంతే. పెద్ద కమతాల వాళ్లు, పెద్ద పంటల సంఘాల వాళ్లే ఎప్పుడూ వస్తారు కాబట్టి, పొలంలో పనిచేసే కూలీల తరఫున, చిన్న కూరగాయల రైతుల తరఫున, స్కూళ్లు, ఇళ్లలో పురుగుల నివారణ చూసేవాళ్ల తరఫున మీరే వెతికి పిలవాలి. ఐపీఎం పొలానికే పరిమితం కాదు. అద్దె ఇళ్లలో బొద్దింకలు, నల్లులు కూడా ఈ సెంటర్ల పనిలో భాగమే.

ఒక పత్రం ఐదారేళ్లకు పాతబడుతుంది. పాత పత్రంలోని ప్రాధాన్యాన్ని పట్టుకుని వచ్చిన దరఖాస్తును చూస్తే, ఆ సమస్య ఇంకా ఉందా అని ఒక ఫోన్ చేయండి.

ఆర్‌ఎఫ్‌ఏ రాసేటప్పుడు ఎక్కడ జాగ్రత్త పడాలి?

మీరు రాసిన ప్రతి అస్పష్టమైన వాక్యం గడువుకు మూడు రోజుల ముందు మీకు ఫోన్ కాల్‌గా తిరిగొస్తుంది. ఒకరికి ఫోన్లో చెప్పిన జవాబు మిగతావాళ్లకు తెలియకపోతే అది అన్యాయం కూడా. కాబట్టి వచ్చిన ప్రశ్నను, ఇచ్చిన జవాబును పేరు లేకుండా అందరికీ కనపడేలా పెట్టండి.

మార్కుల విభజన ప్రకటనలోనే ఉండాలి, ప్యానెల్ చేతిలోని ఫారం కూడా అక్షరం పొల్లుపోకుండా అదే కావాలి. ప్రకటనలో ‘రైతుల భాగస్వామ్యం’ అని ఒక పేరా రాసి, స్కోర్ షీటులో దానికి చోటే ఇవ్వకపోతే దరఖాస్తుదారుడికి కోపం రావడం న్యాయమే.

పేజీల పరిమితి తక్కువ పెట్టండి. ఇరవై వేల డాలర్ల గ్రాంటుకు ఇరవై పేజీలు అడగడం దారుణం.

రిలెవెన్స్ రివ్యూ, మెరిట్ రివ్యూ అని రెండు ఎందుకు?

ఒకటి ‘ఈ పని కావాలా?’ అని అడుగుతుంది. రెండోది ‘ఈ పని ఇలా చేస్తే అవుతుందా?’ అని అడుగుతుంది. మొదటి ప్రశ్నకు జవాబు రైతుకు, సలహాదారుకు తెలుస్తుంది. రెండోదానికి శాస్త్రవేత్తకు తెలుస్తుంది. ఒకే ప్యానెల్‌లో ఇద్దరినీ కూర్చోబెడితే, గణాంక పద్ధతి మీద చర్చ మొదలవగానే రైతు మౌనంగా ఉండిపోతాడు. వీలుంటే విడివిడిగా పెట్టండి, రిలెవెన్స్ ముందు పెట్టండి. అక్కడ తేలిపోయినవాటిని మెరిట్ ప్యానెల్‌కు పంపనక్కర్లేదు. వాళ్ల సమయమూ కలిసొస్తుంది.

డబ్బు, మనుషులు తక్కువై ఒకే ప్యానెల్ పెట్టాల్సి వస్తే, ప్రతి దరఖాస్తు మీద మొదటి మాట రైతు ప్రతినిధిదే అని నియమం పెట్టండి.

ప్యానెల్‌లో ఎవరెవరు ఉండాలి? పరస్పర ప్రయోజనాల సమస్య ఎలా?

ఒకే ప్రాంతం, ఒకే రంగం అనేసరికి అందరూ అందరికీ తెలిసినవాళ్లే. కాబట్టి మెరిట్ ప్యానెల్ సభ్యులను పక్క ప్రాంతాల నుంచి తెచ్చుకోండి. సదరన్ పోటీకి నార్త్ సెంట్రల్ వాళ్లు, వెస్టర్న్ పోటీకి ఈశాన్యం వాళ్లు. రిలెవెన్స్‌కు మాత్రం మీ ప్రాంతంవాళ్లే ఉండాలి, ఆ సంగతి బయటివాళ్లకు తెలియదు.

తప్పుకోవాల్సిన సందర్భాలు మామూలుగా ఇవి: దరఖాస్తుదారుడి సంస్థే మీది కావడం, గత మూడేళ్లలో కలిసి పేపర్ రాసి ఉండటం లేదా ప్రాజెక్టు చేసి ఉండటం, గైడ్-విద్యార్థి బంధం, డబ్బు లేదా కుటుంబ సంబంధం. తప్పుకోవడం అంటే ఓటు వేయకపోవడం ఒక్కటే కాదు. ఆ దరఖాస్తు చర్చ జరుగుతున్నంతసేపూ గదిలో ఉండకూడదు, ఆన్‌లైన్ మీటింగయితే వెయిటింగ్ రూంలోకి పంపాలి. స్కోర్లూ చూడకూడదు.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. బాపట్లలోనో రాజేంద్రనగర్‌లోనో ఒకే బ్యాచ్‌లో చదివినవాడి దరఖాస్తు మీ ముందుకొస్తే నియమాల ప్రకారం అది ప్రయోజనాల సమస్య కాకపోవచ్చు. అయినా ప్రోగ్రాం మేనేజర్‌తో ముందే చెప్పేయండి. పర్లేదంటే ఉండండి. తర్వాత ఎవరో చెబితే తెలియడం కంటే అది వందరెట్లు నయం. ప్యానెల్ అయ్యాక ‘ఎలా వెళ్లింది?’ అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే జవాబు ఇవ్వకండి. నవ్వే ఎమోజీ కూడా వద్దు.

స్కోర్ల సగటు తీసి వరుసలో పెడితే సరిపోదా?

సరిపోదు. ఒక రివ్యూయర్ అందరికీ 90 వేస్తాడు, ఇంకొకరు 70 దాటరు. మీ దరఖాస్తు ఎవరి చేతిలో పడిందన్నదే ఫలితం అయిపోతుంది. సగటును చర్చకు మొదలుగా వాడుకోండి. ఒక్కో దరఖాస్తుకు ఒక ముఖ్య రివ్యూయర్ సారాంశం చెప్పాలి, ఇంకో ఇద్దరు తమ మాట చెప్పాలి, తర్వాత గదంతా మాట్లాడాలి. చర్చ తర్వాత స్కోర్లు మార్చుకోనివ్వండి. ఆఖర్న ప్యానెల్ కలిసి వరుస పెట్టాలి.

ఉదయం చూసిన దరఖాస్తులకు పడ్డ కొలబద్దే సాయంత్రం చూసినవాటికీ పడాలంటే, రోజు చివర్లో ఉదయం పెట్టిన మొదటి మూడింటిని మళ్లీ ఒకసారి తిరగేయడం మంచి అలవాటు. భోజనం తర్వాత వచ్చే దరఖాస్తుల మీద జాలి చూపండి, గదిలో సగంమంది కునుకు తీస్తుంటారు.

అంతిమ నిర్ణయం ప్యానెల్‌దేనా?

ప్యానెల్‌ది సిఫారసు మాత్రమే. వరుస దాటి ఎవరికైనా ఇవ్వాలనుకుంటే కారణం రాసి ఫైల్‌లో పెట్టండి. రాయలేని కారణమైతే వరుస దాటకండి.

గ్రాంటు రానివాళ్లకు ఏం రాయాలి?

‘ఈసారి పోటీ ఎక్కువగా ఉంది’ అనే ఉత్తరం ఎవరికీ ఉపయోగపడదు. దరఖాస్తు పెట్టినవాళ్లలో ఎక్కువమందికి మీరు ‘లేదు’ అనే చెబుతారు కాబట్టి, మీ ప్రోగ్రాం పేరు నిలబడేది ఆ ఉత్తరం మీదే. బలాలు ఏవి, బలహీనతలు ఏవి, ప్యానెల్ ఎందుకు అలా అనుకుంది అన్నవి సూటిగా రాయాలి. ‘ఆసక్తికరమైన ప్రతిపాదన, కానీ వివరాలు సరిపోలేదు’ అని రివ్యూయర్ రాసి ఇస్తే, ప్యానెల్ గది వదిలేలోపే ఏ వివరాలో అడిగి రాయించుకోండి. ఇల్లు చేరాక ఎవరికీ గుర్తుండదు.

ఒక విషయం మాత్రం రాయకండి: ‘ఇవి సరిదిద్దితే వచ్చే ఏడాది వస్తుంది’ అని. వచ్చే ఏడాది ప్యానెల్ వేరు.

ఇండైరెక్ట్ కాస్ట్ (సంస్థ ఉమ్మడి ఖర్చుల వాటా) 30 శాతం అంటారు, లెక్క ఎప్పుడూ తేడా వస్తుంది. ఎందుకు?

ఎందుకంటే నిఫా చాలా గ్రాంట్లకు చెప్పే 30 శాతం, మొత్తం ఫెడరల్ డబ్బులో 30 శాతం. ఖర్చుల మీద 30 శాతం కాదు. లక్ష డాలర్ల గ్రాంటు అనుకోండి. ఇండైరెక్ట్ గరిష్ఠంగా 30,000, నేరుగా పనికి 70,000. ఆ 30,000ను 70,000తో భాగిస్తే 42.857 శాతం. కాబట్టి నేరు ఖర్చుల మీద లెక్కవేస్తే పరిమితి 42.857 శాతం అవుతుంది. కొత్తవాళ్లు 70,000 మీద 30 శాతం వేసి 21,000 రాస్తారు, వాళ్ల యూనివర్సిటీ ఆఫీసు గొడవ పడుతుంది. యూనివర్సిటీకి ఒప్పందంలో ఉన్న రేటు, ఈ పరిమితి, రెండిట్లో ఏది తక్కువైతే అదే.

ఒప్పంద రేటే లేని చిన్న సంస్థలకు ఒక కనీస రేటు ఉంది. ఫెడరల్ గ్రాంట్ల నియమావళి 2 సీఎఫ్‌ఆర్ 200ను 2024లో సవరించినప్పుడు దాన్ని 10 నుంచి 15 శాతానికి పెంచారు. ఆ అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత టెంప్లేట్లలో ఇంకా 10 అనే ఉంటుంది, మార్చుకోండి. మీ ప్రోగ్రాం డబ్బు ఏ చట్టం కింద వస్తుందో దాన్నిబట్టి ఈ పరిమితులు మారతాయి, కొన్నిటికి ఇండైరెక్ట్ అసలే ఉండదు. ఆర్‌ఎఫ్‌ఏలో ఒక ఉదాహరణ బడ్జెట్ పెడితే సగం ఫోన్లు తగ్గుతాయి.

గెలిచినట్టు ఉత్తరం వచ్చినా డబ్బు రావడానికి నెలలు పడుతుంది. ఏం చేయాలి?

టెన్షన్ అంతా ఇక్కడే. ఫెడరల్ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది గానీ బడ్జెట్ ఆ రోజుకు పాసవడం అరుదు. తాత్కాలిక తీర్మానాలతో నెలలు నడుస్తాయి. 2019లో నిఫాను వాషింగ్టన్ నుంచి కాన్సస్ సిటీకి తరలించినప్పుడు ఎక్కువమంది ఉద్యోగులు వెళ్లకుండా వదిలేశారు. ఆ సమయంలో గ్రాంట్ల పని చాలా వెనకపడింది. డబ్బు నిఫా నుంచి మీ యూనివర్సిటీకి, మీ యూనివర్సిటీ నుంచి గెలిచిన సంస్థకు సబ్ అవార్డుగా వెళ్లాలి. రెండు చోట్లా లాయర్లు, రెండు చోట్లా సంతకాలు.

పంట మాత్రం ఆగదు. ఏప్రిల్‌లో విత్తే పంట మీద ప్రయోగానికి డబ్బు జూలైలో వస్తే ఒక ఏడాది పోయినట్టే. అందుకని క్యాలెండర్‌ను వెనక నుంచి కట్టుకోవాలి. మార్చికి డబ్బు చేతిలో ఉండాలంటే డిసెంబర్‌కు సబ్ అవార్డు కాగితాలు మొదలవ్వాలి, నవంబర్‌కు ప్యానెల్ అయిపోవాలి, అంటే వేసవి చివర్లోనే ప్రకటన రావాలి.

మూడు చిన్న పనులు చాలా రోజులు మిగులుస్తాయి. దరఖాస్తుతోనే సంస్థ యూఈఐ నంబరు (ఫెడరల్ డబ్బు తీసుకునే సంస్థలకిచ్చే గుర్తింపు సంఖ్య), ఆ సంస్థ గ్రాంట్ల ఆఫీసు ఈమెయిల్ తీసుకోండి. యూఈఐ 2022 ఏప్రిల్‌లో పాత డన్స్ నంబరు స్థానంలో వచ్చింది. రిస్క్ అంచనా ఫారం ఫలితాలు ప్రకటించే వారమే పంపించండి. ఇక మీ యూనివర్సిటీ సబ్ అవార్డులు చూసే మనిషికి ఎంతమంది గెలిచారో, ఏ నెలలో కాగితాలు వస్తాయో ముందే చెప్పి, ఆవిడతో స్నేహంగా ఉండండి. ఈ సలహా ఏ మాన్యువల్‌లోనూ ఉండదు.

బిల్లు సరిగ్గా వచ్చాక 30 రోజుల్లో చెల్లించాలన్నది నియమం. చిన్న సంస్థలకు ఆ 30 రోజులే పెద్ద కష్టం.

పెద్ద యూనివర్సిటీలే ఎప్పుడూ గెలుస్తాయి. దీనికేమైనా చేయగలమా?

1862 చట్టంతో వచ్చిన ల్యాండ్ గ్రాంట్ (ప్రభుత్వ భూమి సాయంతో పెట్టిన) యూనివర్సిటీలకు గ్రాంటు రాసిపెట్టే ఆఫీసులే ఉంటాయి. 1890 చట్టంతో వచ్చిన నల్లజాతీయుల యూనివర్సిటీల్లో, 1994లో ఆ హోదా పొందిన ఆదివాసీ కాలేజీల్లో పాఠాలు చెప్పే మనిషే బడ్జెట్ కూడా రాయాలి. స్కోరు తేడాలో కొంత ఆ ఆఫీసుదే.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. రాతకు కాకుండా ఆలోచనకు, ప్రజలతో ఉన్న సంబంధానికి ఎక్కువ మార్కులు పెట్టండి. పూర్తి దరఖాస్తుకు ముందు ఒక పేజీ ఆలోచన పంపమని అడిగి, దాని మీద సలహా ఇవ్వండి, కానీ ఆ సలహా అందరికీ ఒకేలా అందుబాటులో ఉండాలి. ఈ సంస్థల వాళ్లను ప్యానెల్ సభ్యులుగా పిలవండి. గెలిచే దరఖాస్తు ఎలా ఉంటుందో లోపలి నుంచి చూసినవాళ్లు మరుసటి ఏడు బాగా రాస్తారు. పెద్ద యూనివర్సిటీ దరఖాస్తులో ఆదివాసీ కాలేజీ పేరు అలంకారంగా మాత్రమే ఉందా అని తెలుసుకోవడానికి బడ్జెట్ చూడండి. వాళ్ల వాటా సున్నా అయితే సంగతి తెలిసినట్టే.

రైతులను సర్వే చేయడానికి కూడా అనుమతి కావాలా?

కావాలి. మనుషుల నుంచి సమాచారం సేకరించే పరిశోధన ఏదైనా యూనివర్సిటీ ఐఆర్‌బీ (మనుషులతో చేసే పరిశోధనను పరిశీలించే కమిటీ) ముందుకు వెళ్లాలి. చాలావరకు మినహాయింపు దొరుకుతుంది, కానీ ఆ మినహాయింపు నిర్ణయించేది ఐఆర్‌బీ, ప్రాజెక్టు నడిపేవాళ్లు కాదు.

ఐపీఎం పనిచేసిందని ఎలా కొలవాలి?

అమెరికా ప్రభుత్వం 1993లో ఒక లక్ష్యం పెట్టుకుంది: 2000 నాటికి 75 శాతం పంట విస్తీర్ణంలో ఐపీఎం. 2001లో ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏవో ఆ లెక్క తీసి చూసింది. యూఎస్‌డీఏ లెక్కలో దాదాపు 70 శాతం అప్పటికే ఐపీఎం కింద ఉంది. అదే కాలంలో వ్యవసాయంలో పురుగుమందుల వాడకం ఏడాదికి 90 కోట్ల పౌండ్ల నుంచి 94 కోట్ల పౌండ్లకు పెరిగింది. ఎక్కువ ప్రమాదకరమైన మందుల వాడకం మాత్రం తగ్గింది. ఇది విజయమా, వైఫల్యమా? ఏది ఐపీఎం అని లెక్కపెట్టామో దాన్నిబట్టి ఉంటుంది. పొలంలో తిరిగి పురుగును చూసినా ఒక మార్కే, మిత్రపురుగులను కాపాడుకున్నా ఒక మార్కే అన్నట్టు లెక్కిస్తే 70 శాతం తేలికే.

మీ గ్రాంట్లకు ఈ కథ నుంచి తీసుకోవాల్సింది ఏమిటంటే, ‘ఎంతమంది హాజరయ్యారు’ అన్నది చివరి లెక్క కాకూడదు. స్ప్రేల సంఖ్య, వాడిన మందు విష తీవ్రత, దిగుబడి, నికర ఆదాయం, ఇవి అడగాలి. అయితే ఒక్క ఏడాది, ముప్పై వేల డాలర్ల వర్కింగ్ గ్రూపును ‘ఎన్ని పౌండ్ల మందు తగ్గించావు?’ అని అడగడం కూడా అన్యాయమే. దాన్ని అడగాల్సింది వేరు: ఎవరెవరు కలిశారు, దాని వెంట ఏ గ్రాంటు వచ్చింది, ఏ సలహా మారింది. ఈ జవాబులు ప్రాజెక్టు ముగిసిన రోజు రావు. రెండు మూడేళ్ల తర్వాత ఒక ఈమెయిల్ పంపే అలవాటు పెట్టుకుంటే మీ నివేదికలో రాయడానికి నిజమైన విషయం దొరుకుతుంది.

నేను హెచ్1బీ మీద ఉన్నాను. అప్లై చేయొచ్చా?

గ్రాంటు వెళ్లేది మనిషికి కాదు, సంస్థకు. మీరు ప్రాజెక్టు డైరెక్టర్‌గా ఉండొచ్చా లేదా అన్నది మీ యూనివర్సిటీ నియమాలను బట్టి. చాలాచోట్ల అడ్డు వీసా కాదు, హోదా. పోస్ట్‌డాక్‌లను ప్రాజెక్టు డైరెక్టర్‌గా ఒప్పుకోని యూనివర్సిటీలు ఎక్కువ. ముందు మీ విభాగాధిపతిని, ఆ తర్వాత గ్రాంట్ల ఆఫీసును అడగండి.

ఈ పద్ధతిలో మన పత్తి రైతుకు పనికొచ్చేది ఏమైనా ఉందా?

ఇవి అమెరికా ప్రాంతాల కోసం పెట్టిన గ్రాంట్లు కాబట్టి భారతదేశంలోని సంస్థలు నేరుగా పోటీ పడేవి కావు. పద్ధతి మాత్రం పనికొస్తుంది.

గులాబీ రంగు పురుగునే తీసుకోండి. తెలుగు రాష్ట్రాల్లో పత్తి రైతు దాని చేతిలో ఎంత నలిగాడో చెప్పనక్కర్లేదు. అమెరికా పత్తి ప్రాంతాల నుంచి అది పూర్తిగా పోయిందని 2018 అక్టోబర్‌లో వ్యవసాయ శాఖ ప్రకటించింది. బీటీ పత్తి, వంధ్య పురుగులను వదలడం, లింగాకర్షక పద్ధతులు, కోత తర్వాత మోళ్లు దున్నేయడం, నిఘా, ఇవన్నీ ఒకే ప్రాంతంలో రైతులంతా ఒకేసారి, తమ డబ్బు కూడా వేసుకుని చేశారు. ఇది చిన్న గ్రాంట్లతో అయ్యే పని కాదు. సరిహద్దుకు అవతల మెక్సికో రైతులు కూడా కలిశారు. మన దగ్గర కమతాలు చిన్నవి, పంట కాలం పొడుగు, జిన్నింగ్ మిల్లులు ఊళ్ల మధ్యలోనే. అక్కడి పద్ధతి తెచ్చి ఇక్కడ దించలేం.

కానీ జిల్లాకొక వర్కింగ్ గ్రూపు, అందులో పత్తి రైతులు, జిన్నింగ్ మిల్లు యజమాని, విత్తన డీలర్, కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్త, వ్యవసాయ విస్తరణ అధికారి ఉంటే? లింగాకర్షక బుట్టల లెక్కలు మండలాలన్నిటికీ ఒకేచోట కనపడితే? ఖమ్మం ప్రాంతంలోని పునుకుల గ్రామం 2000ల మొదట్లో పురుగుమందులు మానేసినప్పుడు, ఆ మార్పును ముందుకు నడిపినవాళ్లలో మహిళా సంఘాలు ఉన్నాయి. అడగాల్సిన ప్రశ్న ఎవరి దగ్గరుందో అక్కడికి వెళ్లి అడగడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ లాంటి చోట శిక్షణ, వ్యవసాయ విశ్వవిద్యాలయాల దగ్గర శాస్త్రం ఉన్నాయి. పోటీ పద్ధతిలో, బయటి రివ్యూతో, రైతులు ప్రాధాన్యం చెప్పే చిన్న గ్రాంట్లు ఎవరైనా మొదలుపెడితే నాలుగైదు జిల్లాలతో చేసి చూడటం మంచిది.

ప్రాజెక్టు గడువులోపు పూర్తవకపోతే?

వర్షాలు రాలేదు, పురుగు రాలేదు, విద్యార్థి మానేశాడు. అన్నీ నిజమైన కారణాలే. ఐపీఎంలో ‘ఈ ఏడాది పురుగు రాలేదు’ అనేది వింతగా వినిపించినా తరచుగా జరిగేదే. అదనపు డబ్బు లేకుండా గడువు పొడిగించొచ్చు, కానీ అడగాల్సింది గడువు ముగియక ముందు. మీరు ఇచ్చే పొడిగింపు మీ అసలు గ్రాంటు ముగింపు తేదీని దాటకూడదు. అందుకే సబ్ అవార్డులన్నిటినీ అసలు గడువుకు కనీసం ఆరు నెలల ముందే ముగిసేలా పెట్టుకోవడం తెలివైన పని.

ముగిశాక ఏయే కాగితాలు, ఎంతకాలం ఉంచాలి?

సబ్ అవార్డు తీసుకున్న సంస్థ చివరి నివేదికలు మీకు 90 రోజుల్లో ఇవ్వాలి, మీరు నిఫాకు 120 రోజుల్లో ఇవ్వాలి. ఆ మధ్య 30 రోజులే మీ చేతిలో ఉండేవి. చివరి ఆర్థిక నివేదిక ఇచ్చిన తేదీ నుంచి 3 ఏళ్లు రికార్డులు ఉంచాలి. ఆలోగా ఆడిట్ గానీ, వివాదం గానీ మొదలైతే అది తేలేదాకా. స్కోర్ షీట్లు, తప్పుకున్నవాళ్ల జాబితా, వరుస దాటిన కారణాలు కూడా ఇందులోకే వస్తాయి. ప్యానెల్ సభ్యుల సొంత ల్యాప్‌టాప్‌లలో ఉన్న దరఖాస్తుల కాపీలు మాత్రం మీటింగ్ అయిన వారంలోనే తీసేయమని చెప్పి, తీసేశామని రాతలో తీసుకోండి.